సోయా సంచి మీద ఉన్నది ఏనాటి లెక్క? వ్యవసాయ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మృగశిర దగ్గరపడింది. ఆదిలాబాద్, నిర్మల్ జిల్లాల్లో సోయా విత్తనం అమ్మకాలు మొదలవుతాయి. సంచి ట్యాగు మీద కనీస మొలక శాతం 70 అని, పరీక్ష చేసిన తేదీ అని ఉంటాయి. మా టెన్షనంతా ఆ తేదీ గురించే.

పరీక్ష అయ్యాక ఆ ధ్రువీకరణ 9 నెలలు చెల్లుతుంది. అక్టోబరులో కోసిన గింజ జూన్ దాకా ఆగాలి. మధ్యలో మా దగ్గర 44, 45 డిగ్రీల ఎండ, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. గింజలో ప్రాణముంది, నిల్వలోనూ శ్వాస తీసుకుంటూనే ఉంటుంది. సోయాలో దాదాపు 20 శాతం నూనె. వేడికి, తేమకు ఆ నూనె చెడి కణాల పొరలు దెబ్బతింటాయి. అలాంటి గింజ నేలలో నీరు పీల్చగానే లోపలి చక్కెరలు, లవణాలు బయటికి కారిపోతాయి, వాటికి బూజు చేరుతుంది. తవ్వి చూస్తే మెత్తగా కుళ్లి ఉంటుంది. మనం వానను తిడతాం.

పైగా సోయా తొక్క పల్చన. లారీ మీంచి బస్తా విసిరితే కనపడని పగుళ్లు పడతాయి, గింజ ఇంకా తొందరగా పాడవుతుంది.

అసలు చిక్కు ఇంకోటి. ముందు పోయేది మొలక శాతం కాదు, మొలకలోని సత్తువ. ల్యాబులో తడి కాగితం మీద మొలిచిన గింజే, వాన వెలిశాక గట్టిపడిన నల్లరేగడి పొరను చీల్చుకుని రాలేకపోవచ్చు. అందుకే కాగితం మీద 70 ఉన్నా చేలో సాళ్లు ఖాళీగా కనిపిస్తాయి. అధికారీ అబద్ధమాడలేదు, రైతూ అబద్ధమాడలేదు.

గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందని, నిల్వచోట 5 డిగ్రీలు తగ్గినా అంతేనని విత్తన శాస్త్రంలో పాత లెక్క ఒకటుంది. మామూలు సంచిలో 12 శాతం తేమ దాకా నిబంధన ఒప్పుకుంటుంది. మన వేసవికి అది ఎక్కువేనని నా అభిప్రాయం. సోయా విత్తనం వరకైనా దాన్ని తగ్గించండి, రేకుల షెడ్లలో నిల్వ మాన్పించండి.

మే చివర్లో, ఒకే విడతగా సిద్ధం చేసిన విత్తనం, అంటే ప్రతి లాట్‌ను మళ్లీ పరీక్షించి, వచ్చిన మొలక శాతాన్ని రైతు వేదికల్లో అతికించండి. 70 కంటే తక్కువ వచ్చినదాన్ని అమ్మనివ్వొద్దు.

తడి గోనెసంచిలో 100 గింజలు పెట్టి చూసుకోండని అధికారులు మాకు ఏటా చెబుతారు. మంచిమాటే. దానికి వారం పడుతుంది. వాన పడ్డాక సంచి చేతికొస్తే ఆ వారం ఎక్కడిది? 15 రోజుల ముందే విత్తనం ఊళ్లకు చేరేలా చూడండి.

ఇట్లు,
నిర్మల్ జిల్లా సోయా రైతు