ఇషిబా ఏడాదిని వట్టి అస్థిరత అనొద్దు

సంపాదకులకు నమస్కారం.

జపాన్ రాజకీయాల మీద మన పత్రికల్లో ఏం రాసినా 'అస్థిరత' అనే మాట తప్పకుండా ఉంటోంది. 2024 అక్టోబర్ 27 ఎన్నికల్లో అప్పటి ప్రధాని షిగేరు ఇషిబా నడిపిన లిబరల్ డెమోక్రటిక్ పార్టీ (ఎల్‌డీపీ), మిత్రపక్షం కొమైటో పార్టీ కలిసి 215 సీట్ల దగ్గర ఆగిపోయాయి. 465 మంది ఉండే దిగువ సభలో మెజారిటీకి 233 కావాలి. ఆ తర్వాత ఏడాది పాటు ఇషిబా నడిపింది మైనారిటీ ప్రభుత్వమే. ఆ ఏడాదిలో అక్కడి ప్రజలకు దక్కిన మేలును మనం పట్టించుకోవడం లేదని నా బాధ.

1955లో పుట్టిన ఎల్‌డీపీ రెండుసార్లు, అదీ కొద్దికాలమే, అధికారానికి దూరమైంది. ఏ బిల్లయినా డైట్‌కు, అంటే అక్కడి పార్లమెంటుకు, వచ్చేలోపే పార్టీ లోపలి కమిటీల్లో అంతా తేలిపోయేది. సభలో ప్రతిపక్షం ఎంత అరిచినా బడ్జెట్‌లో ఒక్క అంకె కదిలేది కాదు. మెజారిటీ పోయాక పరిస్థితి మారింది. బడ్జెట్ కమిటీ అధ్యక్ష పదవి దాదాపు 30 ఏళ్ల తర్వాత ప్రతిపక్షానికి దక్కింది.

అన్నిటికన్నా నన్ను కదిలించింది వైద్య ఖర్చుల విషయం. జపాన్‌లో రోగి నెలకు తన జేబులోంచి పెట్టుకోవాల్సిన ఖర్చుకు ఒక పరిమితి ఉంది. అది దాటితే బీమా చూసుకుంటుంది. ఆ పరిమితిని పెంచాలని ప్రభుత్వం 2025 బడ్జెట్‌లో తలపెట్టింది. క్యాన్సర్ రోగుల సంఘాలు గట్టిగా ఎదురు తిరిగాయి, ప్రతిపక్షాలు ఆ గొంతును సభలోకి తెచ్చాయి. మార్చి 4న దిగువ సభలో బడ్జెట్ గట్టెక్కింది. అయినా మూడు రోజులకే ఇషిబా ఆ పెంపును ఆపేస్తున్నట్టు ప్రకటించారు. దాంతో సుమారు 115 లక్షల కోట్ల యెన్ల బడ్జెట్‌ను ఎగువ సభలో సవరించి, మళ్లీ దిగువ సభ ఆమోదం తీసుకోవాల్సి వచ్చింది. ఇప్పటి రాజ్యాంగం వచ్చాక అలా జరగడం అదే మొదటిసారి. జులైలో ఎగువ సభ ఎన్నికలున్నాయన్న టెన్షన్ కూడా పనిచేసి ఉండొచ్చు. ఏదైతేనేం, మందులకు డబ్బు చాలదని భయపడుతున్న రోగుల మాట నెగ్గింది.

అయితే ఇబ్బంది లేదనడం లేదు. ఆదాయపు పన్ను మినహాయింపును 10.3 లక్షల యెన్ల నుంచి 17.8 లక్షలకు పెంచితేనే మద్దతిస్తామని ప్రతిపక్షంలోని డెమోక్రటిక్ పార్టీ ఫర్ ది పీపుల్ పట్టుబట్టింది. అక్కడ బేరం కుదరక ఎల్‌డీపీ వెళ్లి మరో ప్రతిపక్షమైన ఇషిన్ పార్టీ తలుపు తట్టింది. ఇషిన్ హైస్కూల్ ఫీజుల రద్దు అడిగి సాధించుకుంది. రెండూ జనానికి పనికొచ్చేవే. కానీ ఎవరి కోరిక వాళ్లదే, మొత్తం ఖర్చుకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్న మాత్రం ఎవరిదీ కాలేదు. మైనారిటీ ప్రభుత్వానికి అసలు ముప్పు ఇదేనని నేననుకుంటాను.

జులైలో ఎగువ సభలోనూ మెజారిటీ పోయింది, సెప్టెంబర్ 7న ఇషిబా రాజీనామా ప్రకటించారు. అక్టోబర్‌లో కొమైటో 26 ఏళ్ల పొత్తు తెంచుకుంది. ఎల్‌డీపీ కొత్త నాయకురాలు సనాయె తకాయిచి ఇషిన్ మద్దతుతో తొలి మహిళా ప్రధాని అయ్యారు. అప్పటికీ దిగువ సభలో ఈ రెండు పార్టీల బలం కలిపి 231, మెజారిటీకి రెండు తక్కువ.

తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. 1991లో మన పి.వి. నరసింహారావు మైనారిటీ ప్రభుత్వంతోనే ఆర్థిక సంస్కరణలు తెచ్చారు. 1993 జులైలో అవిశ్వాసం నుంచి బయటపడ్డాక ఓట్ల కొనుగోలు ఆరోపణలు కోర్టులకెక్కాయి. ధైర్యమైన నిర్ణయాలూ చీకటి బేరాలూ రెండూ మనం చూసినవే.

అందుకే మద్దతు షరతులు కాగితం మీద, అందరికీ కనిపించేలా ఉండాలని కోరుతున్నాను. ఎల్‌డీపీ, ఇషిన్ 2025 అక్టోబర్ 20న రాతపూర్వక ఒప్పందం చేసుకోవడం ఆ మేరకు మంచిదే. కానీ ఇషిన్ మంత్రి పదవులు తీసుకోకుండా బయట నిలబడింది. హైస్కూల్ ఫీజులకు డబ్బు ఎక్కడిదని రేపు డైట్‌లో అడిగితే, లేచి జవాబు చెప్పేందుకు ఇషిన్ మంత్రి ఒక్కరైనా ఉండాల్సింది.

— ఒక పాఠకుడు, హనుమకొండ