మధుకు నాయన ఉత్తరం

పులివెందుల

చిరంజీవి మధుకు నాయన ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి ఉన్నట్టే ఉంది.

"ఫ్రెండ్ ఒకడు చల్లటి కొండ మీద అరటి పెడతాడంట, ఏ రకం మంచిది?" అని అడిగి ఫోన్ పెట్టేసినావు. మళ్ళీ చెయ్యలేదు. ఆ ఫ్రెండ్ కోసమే రాస్తున్నా, వేరే ఏం లేదు.

మన జీ-9 రకం అరటి అక్కడ వద్దని చెప్పు. 15 డిగ్రీల కిందికి దిగితే అది ఎదగడానికి మొరాయిస్తుంది. మీ చిన్నాయన హార్స్లీ హిల్స్ పక్కన గుత్తకు భూమి తీసుకుని అదే పెట్టినాడు కదా. నువ్వప్పుడు చిన్నోడివి. మేమంతా వద్దన్నాం, వినలేదు. గెల వేసే టైమూ డిసెంబర్ చలీ ఒకేసారి వచ్చినాయి. ఆకులన్నీ మొవ్వు దగ్గర గుత్తిగా ముడుచుకుని, గెల గొంతులో ఇరుక్కుపోయింది. కొన్ని చెట్లకైతే బోదె పక్కన చీల్చుకుని వచ్చింది, కాయలు వేలంత. వ్యాపారి చూసి బండి కూడా దిగలేదు. పిన్ని గాజులు బ్యాంకు నుంచి విడిపించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

కొండకైతే విరూపాక్షి. పళని కొండల్లో 2000 నుంచి 5000 అడుగుల ఎత్తులో కాఫీ చెట్ల మధ్య పెంచుతారు. కాయ చిన్నది, రుచికి మన పచ్చారటి దాని ముందు నిలవదు. కానీ బంచీ టాప్ అనే వైరస్ తెగులు ఆ రకాన్ని ఒకప్పుడు అక్కడ దాదాపు తుడిచిపెట్టింది. ఎవరి తోటలో పడితే వాళ్ళ తోటలో పిలకలు తవ్వుకోకుండా, వైరస్ లేని, ల్యాబులో పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలే తెచ్చుకోమను. ఆ తెగులును మోసుకొచ్చే పేనుబంక పురుగు కనిపిస్తే ఊరుకోవద్దను. కూరకైతే బొంత, అది చలికి కాస్త ఓర్చుకుంటుంది. మంచు గడ్డకట్టే చోట మాత్రం ఏదీ వద్దు.

రామాంజి మామ బెంగుళూరు పోయొచ్చి, నువ్వు ఆఫీసులో లేవన్నాడు. సెలవులో ఉంటాడులే అన్నా. మీ అమ్మకు చెప్పలేదు.

ఇంకోమాట. మన దగ్గర ఏడాదిలో వచ్చే గెల కొండ మీద ఇంకా ఆలస్యమవుతుంది. అన్నాళ్ళూ ఆ పిల్లోడు ఏం తింటాడు? జీతం వస్తుండగానే అర ఎకరాలో పెట్టి చూసుకోవచ్చు కదా! పెళ్ళయినా అయిందా? ఉద్యోగం మానేసి కొండెక్కినోడికి పిల్లనెవరిస్తారు? నేను చెప్పినానని చెప్పు.

రాగిపిండి, చెనక్కాయల పొడి, గొర్రెబొచ్చు కంబళి బస్సుకు వేస్తున్నా. పాత అడ్రసేనా, మారిందా? అదొక్కటీ మెసేజ్ పెట్టు.

మీ నాయన