కలెక్టర్ గారూ, చీరకి ఓటీపీ ఎందుకండీ?

విజయనగరం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నిరుడు సిరిమాను పండక్కి అమ్మకి చీర కొందామని ఊళ్లో ఓ పెద్ద షాపుకెళ్లాం. బిల్లు 1,840. కౌంటర్లో అమ్మాయి చీర సంచిలో పెట్టింది గానీ, సంచి ఇవ్వదే! ‘మా క్రెడిట్ కార్డు తీసుకుంటే 500 తగ్గుతుంది మేడమ్, పాన్ నంబరు చెప్పండి చాలు.’ మూడుసార్లు వద్దన్నాను. నేను డబ్బులు లెక్కపెడుతుంటే అమ్మ తన ఫోన్‌కొచ్చిన ఓటీపీ గడగడా చదివేసింది. అది కార్డుకని తెలీక, బిల్లు కోసమనుకుంది పాపం. (ఆ పిల్లనేమీ అనను, రోజుకిన్ని కార్డులని టార్గెట్టట.)

స్పష్టమైన సమ్మతి లేకుండా కార్డు ఇచ్చి దానికి ఛార్జీలు వేస్తే, కార్డు ఇచ్చినవాళ్లే ఆ సొమ్ము రద్దుచేసి దానికి రెట్టింపు జరిమానా కట్టాలని రిజర్వ్ బ్యాంకు 2022లోనే చెప్పింది. కౌంటర్ దగ్గర ఆ సంగతి ఎవరికి తెలుసు?

‘కార్డు తప్పనిసరి కాదు’ అని తెలుగులో, కింద వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915తో, ప్రతి కౌంటర్ మీదా బోర్డు పెట్టించండి. ఈసారి పండగ రద్దీకి ముందే.

ఇట్లు,
విజయనగరం గృహిణి