కళలకు ఇచ్చే సొమ్ము ముందు సాధనకు చేరాలి

సంపాదకులకు నమస్కారం.

కళలకు, సంస్కృతికి ప్రజాధనం వెచ్చించడం అవసరమా అన్న అంశంపై మీ పత్రికలో కొన్నాళ్లుగా వస్తున్న అభిప్రాయాలను శ్రద్ధగా చదువుతున్నాను. ఆ ఖర్చు దండగ అనేవారూ, పర్యాటకుల రూపంలో అంతకు రెట్టింపు తిరిగి వస్తుందనేవారూ ఒకే త్రాసు పట్టుకుని వాదించుకుంటున్నారని నాకనిపిస్తోంది. ఆదాయమే కొలమానమైతే ఆదాయం రాని ఏడాది కళలకు దిక్కెవరు? సమాజానికి కళల వల్ల ఒనగూడే మేలు ప్రధానంగా మామూలు మనుషులు కలిసి వాటిని సాధన చేయడంలో ఉందనీ, అందువల్ల సొమ్ము కూడా ఉత్సవాల కంటే ముందు సాధనకే చేరాలనీ నా అభిప్రాయం.

బృందగానం సాధనను ఒకసారి దగ్గరగా గమనించండి. పక్కవారి గొంతు తనకు వినిపించడం లేదంటే తాను అవసరానికి మించి గట్టిగా పాడుతున్నట్టేనని ప్రతి గాయకుడికీ మొదట్లోనే నేర్పుతారు. పొడవైన స్వరాన్ని నిలపాల్సి వచ్చినప్పుడు అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే పాట తెగిపోతుంది కనుక, ఒకరు ఊపిరి తీసుకునే క్షణంలో పక్కవారు ఆ స్వరాన్ని మోస్తారు, ఆ తర్వాత వీరు వారికి ఆ అవకాశం ఇస్తారు. బయట పెద్ద హోదాలో ఉన్నవారైనా ఇక్కడ శ్రుతి తప్పితే తనకంటే ఎంతో చిన్నవాళ్ల చేత సరిదిద్దించుకోక తప్పదు. వయసు, వృత్తి, రాజకీయం వేరువేరుగా ఉన్నవారు వారం వారం ఇలా ఒకరి మాట ఒకరు వింటూ పనిచేసే చోట్లు మన జీవితాల్లో ఇంకెన్ని ఉన్నాయో ఆలోచిస్తే, ఈ సాధన విలువ ఎంతో అర్థమవుతుంది.

దీనికి చరిత్రలో ఎస్తోనియా కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. ఆ దేశం రష్యా సామ్రాజ్యంలో భాగంగా ఉన్న రోజుల్లో, 1869లో, టార్టూ పట్టణంలో తొలి గానోత్సవం జరిగింది. పాలకులు మారినా, సోవియట్ ఏలుబడి వచ్చినా ఆ సంప్రదాయం తెగిపోలేదు. 1988లో రాజధాని టాలిన్‌లోని గానోత్సవ మైదానంలో లక్షకు మించిన జనం చేరి, అంతవరకు నిషేధంలో ఉన్న దేశభక్తి గీతాలను ఎలుగెత్తి పాడారు. 1991లో ఆ దేశం తిరిగి స్వతంత్రమైంది. పాటలే స్వాతంత్ర్యాన్ని తెచ్చాయని నేను అనను, సోవియట్ యూనియన్ అప్పటికే లోపలి నుంచి కుంగిపోతోంది. కానీ అంత జనం ఒక్క రాయి కూడా విసరకుండా ఒక్క గొంతుతో నిలబడగలగడం వెనుక, ఊరూరా బడుల్లో, సంఘాల్లో తరతరాలుగా సాగిన బృందగాన సాధన ఉంది. ఆ సాధన సాగిన సాయంత్రాల్లో ఏ ఒక్కదాని గురించీ ఏ పత్రికలోనూ వార్త వచ్చి ఉండదు.

ముందు కడుపు నిండాలి, తర్వాతే కళలు అనే మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. అయితే బ్రిటన్‌లో యుద్ధం వల్ల ఆహారానికి రేషన్ మొదలైన 1940లోనే సంగీతానికి, కళలకు ప్రోత్సాహమిచ్చే మండలిని నెలకొల్పారు. ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ తర్వాత దానికి అధ్యక్షత వహించారు. కళలకు ప్రజాధనాన్ని పంచే సంస్థగా 1946లో ఏర్పడిన ఆర్ట్స్ కౌన్సిల్‌కు పునాది అదే. లెక్కలు తెలియని అమాయకులెవరో చేసిన పని కాదిది.

టికెట్ల మీదే బతకలేని కళలు ఎందుకని అడిగేవారికి 1966లో విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఇచ్చిన సమాధానం ఇప్పటికీ చెల్లుతుంది. యంత్రాలు మెరుగైన కొద్దీ కర్మాగారంలో గంటకు తయారయ్యే సరుకు పెరుగుతుంది. రెండు వందల ఏళ్ల కిందట నలుగురు వాద్యకారుల కోసం రాసిన సంగీతాన్ని వాయించడానికి మాత్రం ఈ రోజుకూ ఆ నలుగురే కావాలి, పట్టే సమయమూ దాదాపు అంతే. చుట్టూ జీతాలు పెరుగుతుంటే వాళ్లను పాత జీతం మీద ఉంచలేం కనుక ఖర్చు పెరుగుతూనే పోతుంది. ఇది ఆ పని స్వభావం, కళాకారుల సోమరితనం కాదు.

కళల వల్ల ఆరోగ్యం మెరుగవుతుందన్న వాదనకూ ఆధారాలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన నివేదిక 3,000కు పైగా అధ్యయనాలను పరిశీలించింది. కాకపోతే పాటను మందుబిళ్లగా సమర్థించడం నాకంతగా రుచించదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఉన్న కాస్త సొమ్మూ వెళ్లే దారి. 1997లో స్పెయిన్‌లోని బిల్బావో నగరంలో గుగెన్‌హైమ్ కళల మ్యూజియం తెరిచాక, అలాంటి భవనం ఒకటి కడితే తమ దశ తిరుగుతుందని ఎన్నో నగరాలు ఆశపడ్డాయి. అక్కడ నది శుద్ధి, మెట్రో రైలు వంటి పనులు కూడా జరిగాయన్న సంగతి చాలామంది పట్టించుకోలేదు. భవనానికి ప్రారంభోత్సవం ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. సాయంత్రం పూట తాళం తీసి ఉంచే గదికి, నెలనెలా జీతం అందుకునే గురువుకు అవేవీ ఉండవు కనుక కోత మొదట పడేది వాటి మీదే. కట్టడాలు, ప్రదేశాల రక్షణకు 1972లో ఒప్పందం చేసిన యునెస్కోకు, మనుషులు ఆచరిస్తూ తర్వాతి తరానికి అందించే కళలకు, నైపుణ్యాలకు అలాంటి ఒప్పందం తేవడానికి 2003 దాకా పట్టిందంటే ఈ చిన్నచూపు ఎంత విస్తృతమో తెలుస్తుంది. నిజానికి సమాజ సాంస్కృతిక జీవితంలో స్వేచ్ఛగా పాల్గొనే హక్కు ప్రతి ఒక్కరికీ ఉందని 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటనలోని 27వ అధికరణమే చెప్పింది.

అందుచేత మీ పత్రికకు నాదొక విన్నపం. కళలకు కేటాయింపులపై ఇకముందు వార్త రాసినప్పుడు మొత్తం అంకెతో సరిపెట్టకుండా, అందులో నేర్పేవారి జీతాలకు ఎంత, సాధనకు గదులు, వాద్యాలు సమకూర్చడానికి ఎంత, వేదికల అలంకరణకు, సన్మానాలకు ఎంత అన్న వివరం కూడా అడిగి ప్రచురించండి. ఆ వివరం ఇవ్వడానికి అధికారులు నిరాకరిస్తే, నిరాకరించారనే రాయండి.

భవదీయుడు,
మీ పాఠకుడు