కల్లును కూడా లెక్కలో వేయండి

సంపాదకులకు నమస్కారం.

మద్యం, పొగ రెండూ రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచుతాయని మీరు వేసిన వ్యాసాన్ని మా వాకిట్లో నలుగురు ఆడవాళ్లకు చదివి వినిపించాను. "మనకెందుకమ్మా, మనం మందు ముట్టం కదా" అని ఒకావిడ తేల్చేసింది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ చేతిలో కల్లు సీసా ఉంది!

ఆవిడ తప్పేమీ లేదు. నకిరేకల్ చుట్టుపక్కల కల్లును మందు అనరు. నాట్లు వేసి వచ్చిన ఒళ్లునొప్పులకు, పండక్కి, చుట్టాలొస్తే మర్యాదకు అదే. నేను గీత కార్మికుడి కూతురిని. నాన్న లొట్టి దించిన డబ్బుతో చదువుకున్నాను కాబట్టి కల్లును తిట్టే నోరు నాకు లేదు. కానీ ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సుగా, ఊళ్లు తిరిగినదాన్ని, లెక్క చెప్పక తప్పదు. 5 శాతం ఆల్కహాల్ ఉన్న కల్లు పావు లీటరు తాగితే ఒంట్లోకి చేరేది సుమారు 10 గ్రాములు. 650 మిల్లీలీటర్ల సీసా ఖాళీ చేస్తే 25 గ్రాములు దాటుతుంది. పొద్దున దించింది సాయంత్రానికి ఇంకా పులుస్తుంది కూడా.

2002లో 53 అధ్యయనాలను కలిపి చూస్తే, రోజుకు తాగే ప్రతి 10 గ్రాముల ఆల్కహాల్‌కూ రొమ్ము క్యాన్సర్ ముప్పు 7 శాతం చొప్పున పెరుగుతోందని తేలింది. నూటికి ఏడుగురికి వస్తుందని కాదు. సంపన్న దేశాల్లో అసలు తాగని వందమంది ఆడవాళ్లలో 80 ఏళ్లలోపు దాదాపు 9 మందికి వస్తే, రోజూ 20 గ్రాములు తాగేవారిలో 10 మందికి వస్తుందని అంచనా.

పొగను మీరు మద్యంతో ఒకే గాటన కట్టారు. అదే పరిశీలనలో, తాగుడును విడదీసి చూస్తే పొగకు పెద్ద సంబంధం కనబడలేదు. చిన్న వయసులో మొదలుపెట్టి ఏళ్ల తరబడి కాల్చినవారికి కొంత ముప్పు ఉందని తర్వాతి అధ్యయనాలు అన్నాయి. చుట్ట వదలని మా నాయనమ్మను మాత్రం ఊపిరితిత్తులే తీసుకుపోయాయి.

మా వదిన జన్మలో కల్లు ముట్టలేదు. వేరుశనగ గింజంత గడ్డను, నొప్పి లేదు కదా అని ఎనిమిది నెలలు రవిక చాటున దాచుకుంది. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయి ఇంటికొచ్చింది. మీ వ్యాసం వచ్చిన వారంలోనే పొరుగావిడ నన్ను పక్కకు పిలిచి, "చాటుగా తాగేదా?" అని అడిగింది.

ఈసారి రాసేటప్పుడు తాగనివాళ్లకూ ఈ జబ్బు వస్తుందన్న ముక్క మొదట్లోనే వేయండి. మద్యం అన్న మాట పక్కన కల్లు అని కూడా రాయండి.

— విశ్రాంత ఏఎన్ఎం, నకిరేకల్ మండలం, నల్లగొండ జిల్లా