ముందు చెప్పనివ్వండి

ఎడిటర్ గారికి,

మా పక్కింటి పత్తి రైతు మొన్న రాత్రి అరుగు మీద కూర్చుని "సారూ, నిద్ర పడతలేదు" అన్నాడు. పోయినేడు ఇలాగే అంటే, అంత అప్పు ఎందుకు చేశావని మందలించాను. నెల రోజులు మా గడప తొక్కలేదు. ఈసారి "ఊఁ, తర్వాత?" అని మాత్రమే అన్నాను. తువ్వాలు మెలి తిప్పుతూ గంటసేపు చెప్పాడు. మిత్తి సంగతి, బిడ్డ పెండ్లి సంగతి, చివరకు పురుగుమందు డబ్బా సంగతి. ఆ డబ్బా అప్పుడే తెచ్చి మా బీరువాలో తాళం వేశాను. మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేసేందుకు 2022లో కేంద్రం మొదలుపెట్టిన టెలిమానస్ నంబరు 14416కు ఇద్దరం కలిసి ఫోన్ చేశాం. తెలుగులోనే మాట్లాడారు, పైసా ఖర్చు లేదు. ఈ నంబరు ప్రతి పంచాయతీ గోడ మీద, ఎరువుల దుకాణాల ముందు పెద్ద అక్షరాలతో రాయించాలి. మీ పత్రికలోనూ రోజూ ఒక మూల వేయండి.

- ఒక రిటైర్డ్ టీచర్, జనగామ జిల్లా