ఆర్డరు ఫొటోను స్పామ్ అని పారేసిన మెయిల్ కంపెనీకి ఒక ఫిర్యాదు

పలాస–కాశీబుగ్గ,
శ్రీకాకుళం జిల్లా.

మా డొమైన్‌కు మెయిల్ సర్వీసు ఇస్తున్న కంపెనీ,
కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

విషయం: ఫొటో ఉన్న మెయిళ్లను ఎవరికీ చెప్పకుండా తొలగిస్తున్నందుకు ఫిర్యాదు.

అయ్యా,

ఈ ఫిర్యాదును మెయిల్‌లో కాకుండా స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. దీనితోపాటు మీరు ఒక ఫొటో చూడాలి. ఫొటో ఉన్న మెయిల్ మీ సర్వర్ దాటి మీ బల్ల మీదకు చేరుతుందన్న నమ్మకం నాకు పోయింది.

మాది జీడిపప్పు హోల్‌సేల్ వ్యాపారం. నాలుగేళ్లుగా ఐదు మెయిల్ ఐడీలకు మీకే డబ్బు కడుతున్నాను. ఇన్నాళ్లలో సర్వీసు ఆగిపోయిన రోజు నాకు గుర్తు లేదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. నా గొడవ వేరే.

బరంపురంలో మిఠాయి దుకాణం నడిపే పాత ఖాతాదారు ఒకాయన ఉన్నారు. ఆయన టైపింగ్ జోలికి పోరు. లెటర్‌ప్యాడ్ మీద పెన్నుతో ఆర్డరు రాసి, సంతకం పెట్టి, స్టాంపు గుద్ది, సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి మెయిల్ చేస్తారు. సబ్జెక్టు ఉండదు. లోపల ఒక్క అక్షరం ఉండదు. వాట్సాప్‌లో పెట్టండి అంటే "అది మాటలకి, ఇది లెక్కకి" అంటారు. దసరా ముందు 320 రకం పది కిలోల డబ్బాలు 25 కావాలని అలాగే పంపారు. మాకు రాలేదు. స్పామ్ ఫోల్డర్లోనూ లేదు, ట్రాష్‌లోనూ లేదు. పది రోజులకి ఆయనే ఫోన్ చేశారు. "ఏటి బాబూ, సరుకు లేదు, జవాబు లేదు. పండగెళ్లిపోయాక పంపుతారేటి?" అన్నారు. అప్పటికే వేరే చోట కొనేశారు. రెండు లక్షలు దాటిన సరుకు. డబ్బు సంగతి అలా ఉంచండి, ఆయన నాతో అంత ముభావంగా మాట్లాడడం అదే మొదటిసారి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో జీడి తోటలు కూలిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడూ ఆర్డర్లు పోయాయి. కానీ ఎందుకు పోయాయో మాకూ తెలుసు, ఖాతాదార్లకూ తెలుసు. ఈసారి కరెంటు ఉంది, నెట్ ఉంది, ఆర్డరు మాత్రం లేదు.

విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చి సంగతేమిటో చూస్తానన్నాడు. బరంపురం ఆయన చేత అదే ఫొటో మళ్లీ పంపించాడు. రాలేదు. మెయిల్‌లో ఫొటోకి పైన నాలుగు వాక్యాలు టైపు చేసి, సబ్జెక్టు పెట్టి పంపితే స్పామ్ ఫోల్డర్లోకి వచ్చింది. అక్షరాలు మాత్రమే పంపితే సరాసరి ఇన్‌బాక్స్‌లోకి వచ్చింది. ఉచిత మెయిల్‌లో నాకున్న సొంత ఐడీకి ఒట్టి ఫొటో పంపినా క్షణంలో వచ్చింది. స్పామ్‌లో పడ్డ మెయిల్ హెడర్ (మెయిల్ ఎటు నుంచి ఎలా వచ్చిందో సర్వర్లు రాసుకునే చిట్టా) తెరిచి చూస్తే మీరు వాడేది స్పామ్‌అసాసిన్ అనే ఫిల్టరు అని అర్థమైంది. ఆ ప్రోగ్రామ్ అనుమానం కలిగించే ఒక్కో లక్షణానికి ఇన్ని మార్కులని వేస్తుందట. సబ్జెక్టు లేకపోతే కొన్ని, బొమ్మ ఉండి అక్షరాలు తక్కువైతే కొన్ని. మామూలుగా మొత్తం 5కి చేరితే స్పామ్ అని ముద్ర పడుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ ప్రోగ్రామ్ ముద్ర వేస్తుందే తప్ప దానంతట అది మెయిల్‌ను పారేయదు. పారేయమని చెప్పింది మీరు. మీ సపోర్ట్ అబ్బాయిని అడిగితే, మార్కులు మరీ ఎక్కువైతే సర్వరే తొలగించేస్తుందని, పంపినవాళ్లకు గానీ అందుకోవాల్సినవాళ్లకు గానీ తెలియదని మర్యాదగానే చెప్పాడు.

ఈ రూలు ఎందుకు పుట్టిందో మా వాడు చెప్పాడు. 2006, 2007ల్లో ఫలానా షేరు కొనండి, ఫలానా మందు కొనండి అనే స్పామ్ అంతా బొమ్మల్లో వచ్చేదట. ఫిల్టర్లు మాటలు చదివి పట్టుకుంటున్నాయని, దొంగలు ఆ మాటలను బొమ్మలోకి ఎక్కించారు. బొమ్మలో అక్షరాలు చదివే ఓసీఆర్ తెస్తే, అక్షరాలను వంకర చేసి వెనకాల చుక్కలు చల్లారు. బొమ్మ నకలును గుర్తుపెట్టుకుని పట్టుకుందామంటే, ఒక్కో మెయిల్‌కి ఒకటో రెండో చుక్కలు మార్చి పంపారు. విన్నప్పుడు, ఈ తెలివి వ్యాపారంలో పెట్టి ఉంటే బాగుపడేవారు కదా అనిపించింది. బొమ్మ ఉండి మాటల్లేకపోతే అనుమానించాలన్న రూలు ఆ రోజుల్లో పనికొచ్చింది. కానీ ఇప్పుడు చిన్న వ్యాపారులందరి జేబులో కెమెరా ఉంది. చెక్కు, బిల్లు, లారీ రసీదు, ఆర్డరు అన్నీ ఫొటోలే.

పోనీ అసలు దొంగలైనా ఆగుతున్నారా? పోయిన నెల మా గుమాస్తాకు ఒక మెయిల్ వచ్చింది. పైన మీ కంపెనీ లోగోయే ఉంది. "మీ పాస్‌వర్డ్ గడువు ఈ రోజుతో ముగుస్తుంది, కింది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి" అని నాలుగు లైన్ల మర్యాద మాటలు. సబ్జెక్టు ఉంది, తగినన్ని అక్షరాలున్నాయి కాబట్టి మీ ఫిల్టరు దండం పెట్టి లోపలికి పంపింది. లింకు బొమ్మలో ఉండడంతో మీ లింకుల తనిఖీకి ఏమీ దొరకలేదు. అతను ఆఫీసు కంప్యూటర్ వదిలేసి తన సొంత ఫోన్‌తో స్కాన్ చేశాడు, కాబట్టి కంప్యూటర్లో ఉన్న యాంటీవైరస్ కూడా పనికిరాలేదు. పాస్‌వర్డ్ అడిగేసరికి అనుమానం వచ్చి నన్ను పిలిచాడు, బతికిపోయాం. ఎలకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటే ఎలకలైనా చావాలి కదండీ.

మా షెడ్డులో గ్రేడింగ్ చేసే ఆడవాళ్లు గుండు పప్పు, బద్ద, ముక్క వేరు చేస్తారు. అనుమానమున్న పప్పును పక్కన పళ్లెంలో పెడతారు. పురుగు పట్టిందయినా సరే, నాకు చూపించాకే పారేస్తారు. మీ సర్వర్ నుంచి నేను కోరేది ఆ పక్క పళ్లెమే. నమ్మకం లేని మెయిల్‌ను కొన్నాళ్లు విడిగా దాచి, ఫలానావారి నుంచి వచ్చినవి ఆపామని రోజుకొక జాబితా పంపండి.

అది కుదరకపోతే గుమ్మం దగ్గరే కాదనండి. అవతలి సర్వర్ ఇంకా లైనులో ఉండగానే, ఈ మెయిల్ తీసుకోమని చెప్పే 550 కోడ్‌తో తిరస్కరిస్తే, ఆ సంగతి పంపినాయనకు వాళ్ల సర్వరే చెబుతుంది. బరంపురం ఆయనకు ఆ మాట అందితే వెంటనే ఫోన్ చేసేవారు. మెయిల్ తీసేసుకుని, తర్వాత తీరిగ్గా తిప్పి పంపే పద్ధతి మాత్రం నేను అడగడం లేదు. స్పామ్‌లో పంపినవారి చిరునామా తరచూ దొంగదే కాబట్టి, ఆ తిరుగు టపా ఏ పాపం ఎరగనివాడి మీద పడుతుంది.

ఇంకొక మాట. మేము ఎన్నోసార్లు జవాబిచ్చిన చిరునామా నుంచి, ఎస్‌పీఎఫ్, డీకేఐఎం (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే తనిఖీలు) సరిపోయి వచ్చిన మెయిల్‌ను కొత్తవారి మెయిల్‌తో సమానంగా చూడడం ఏం లెక్క? అలాంటివాటికి మార్కులు తగ్గించండి. క్యూఆర్ కోడ్ ఉంటే దాన్ని విప్పి, లోపలి లింకును మామూలు లింకులాగే తనిఖీ చేయండి. ఓసీఆర్ పెట్టండి అని మాత్రం నేను పట్టుబట్టను. అది సర్వర్‌కు బరువని విన్నాను. పైగా మా బరంపురం ఆయన రాత ఇన్నేళ్ల తర్వాత నాకే అంతంతమాత్రంగా అర్థమవుతుంది, మీ మిషన్‌కేం అర్థమవుతుంది?

అన్నిటికంటే ముందు నాకు కావలసింది, గత మూడు నెలల్లో మా ఐదు ఐడీలకు వచ్చి మీరు తొలగించిన మెయిళ్ల జాబితా. మెయిళ్లు పోయినా, ఎవరు ఏ రోజు పంపారన్నది సర్వర్ లాగ్‌లో ఉండాలి. ఇంకెంతమంది నేను జవాబివ్వలేదని కోపంగా ఉన్నారో తెలిస్తే, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పుకుంటాను.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా జాబితా పంపి, తొలగించే ఆ సెట్టింగ్ మా డొమైన్ వరకైనా ఆపండి. లేకపోతే డొమైన్ నా పేరు మీదే ఉంది, మా మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు మార్చేసి వేరే కంపెనీకి వెళ్తాను, మిగిలిన నెలల డబ్బు వాపసు అడుగుతాను. జవాబు దయచేసి మెయిల్‌లో ఇవ్వండి. అందులో మీ లోగో బొమ్మ పెట్టకండి, నాకు చేరకపోవచ్చు.

ఇట్లు,
మీ ఖాతాదారు,
జీడిపప్పు హోల్‌సేల్ వ్యాపారి, కాశీబుగ్గ.

జతపరిచినవి: అందని ఆర్డరు ఫొటో ప్రింటు, స్పామ్‌లో పడ్డ మెయిల్ హెడర్ నకలు, క్యూఆర్ కోడ్ మెయిల్ ప్రింటు (దయచేసి స్కాన్ చేయకండి).